బొమ్మ బాగానే ఉంది, రన్ కొడితేనే తేడా కొడుతోందా?

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి లోడు గేటు నుంచి వేలం, కాటా, బిల్లు దాకా ఎలా వెళ్తుందో బీపీఎంఎన్‌లో (పనుల వరసను బొమ్మగా గీసే ప్రామాణిక గుర్తుల పద్ధతి) గీయడం ఒక పూట పని. దాన్నే సిమ్యులేషన్‌లో (కంప్యూటర్లో యార్డును ఉత్తుత్తిగా నడిపి చూడటం, ఒక్కోసారి నడపడం ఒక రన్) పెట్టగానే టెన్షన్ మొదలు. 2011లో వచ్చిన బీపీఎంఎన్ 2.0 దేని తర్వాత ఏ పనో చెబుతుందే గానీ, బండ్లు ఎంతసేపటికొకటి వస్తాయి, ఒక్కో పనికి ఎంత టైం పడుతుంది, ఆ మనిషి అప్పుడు ఖాళీగా ఉన్నాడా అనేవి అందులో ఉండవు. అవి మనం పెట్టాలి. చిక్కులు చాలావరకు అక్కడే. (కింది అంకెలు లెక్క కోసం వేసుకున్నవే.)

సమస్య: రోడ్డు దాకా బండ్లు నిలబడుతుంటే రిపోర్టులో మాత్రం వెయిటింగ్ సున్నా.
సగటునే స్థిర సంఖ్యగా ఇచ్చి ఉంటారు. పది నిమిషాలకో బండి, కాటాకు కచ్చితంగా తొమ్మిది నిమిషాలు అంటే ఎవరూ ఆగక్కర్లేదు మరి. అవే సగటులు ఉంచి రాకకూ కాటాకూ ఎక్స్‌పొనెన్షియల్ డిస్ట్రిబ్యూషన్ (ఎక్కువసార్లు తక్కువ సమయం, అప్పుడప్పుడు చాలా ఎక్కువ సమయం వచ్చేలా మారుతూ ఉండే లెక్క) ఇవ్వండి, ఒక్క కాటా దగ్గరే సగటు నిరీక్షణ 81 నిమిషాలకు పోతుంది! తూకం ఎనిమిది నిమిషాలకు తగ్గితే అది 32. ఒక్క నిమిషానికి ఇంత తేడా అంటే మా గుమాస్తాలు నవ్వుతారు గానీ లెక్క అదే. కాకపోతే ఇది ఆగకుండా నడిచే క్యూ లెక్క. ఉదయం ఖాళీగా మొదలై సాయంత్రానికి మూసే యార్డుకు గంటలవారీ రాకలు ఇచ్చి, ఒక్కో రోజును ఒక్కో రన్‌గా తిప్పాలి.

సమస్య: బండ్లు లోపలికి పోతున్నాయి, ఒక్కటీ బయటికి రావట్లేదు.
ధర నచ్చిందా లేదా అని ఎక్స్ గుర్తుతో (ఏదో ఒక్క దారే) విడదీసి, ప్లస్ గుర్తుతో (అన్ని దారులూ) కలిపారేమో చూడండి. ప్లస్ రెండు దారులవాళ్ల కోసం కూర్చుంటుంది, రెండోవాడు ఎప్పటికీ రాడు. కలిపేచోట కూడా ఎక్స్ పెట్టండి. ప్లస్‌తో విడదీసి ఎక్స్‌తో కలిపితే రివర్స్, ఒక్క బండి రెండుసార్లు లెక్కకొస్తుంది.

సమస్య: టైం మరీ ఎక్కువ చూపిస్తోంది.
బిల్లుకు ఎంతసేపు అని అడిగితే గుమాస్తా "గంట సార్" అంటాడు. అందులో యాభై నిమిషాలు కాగితం బల్ల మీద పడి ఉన్నదే. ఆ గంటను పని సమయంగా ఇస్తే సిమ్యులేషన్ దాని మీద మళ్లీ క్యూ కలుపుతుంది. పక్కన నిలబడి, చేతిలో పెన్ను ఉన్నంతసేపే కొలవండి.

మరీ తక్కువ చూపిస్తే, గేటు దగ్గరా బిల్లు దగ్గరా ఉండే ఒకే మనిషిని రెండు రిసోర్సులుగా (ఇద్దరు పనివాళ్లన్నట్టు) పెట్టి ఉంటారు. ఒక్కటిగా కలిపేయండి.

రన్ రన్‌కీ జవాబు మారడం తప్పు కాదు. ముప్పై రన్‌లు తిప్పి సగటుతో పాటు కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు సగటు ఏ రెండు అంకెల మధ్య ఉండొచ్చో చెప్పే హద్దు) చూడండి. చివర్లో జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రంతో (లోపల ఉండే సగటు సంఖ్య = వచ్చే వేగం × లోపల ఉండే సగటు సమయం) సరిచూసుకోండి: గంటకు ఆరు బండ్లు, ఒక్కోటి గంటన్నర ఉంటే లోపల సగటున తొమ్మిది ఉండాలి. మీ రిపోర్టు ఇరవై అంటే ఎక్కడో బండ్లు ఇరుక్కున్నాయి, గేట్‌వేలు (ఆ ఎక్స్, ప్లస్ గుర్తులే) మళ్లీ చూడండి.