ఒక్క రూపాయి బిళ్ళతో పాక్‌మ్యాన్ ఎక్కువసేపు ఆడాలంటే

జగదాంబ సెంటర్ పక్క సందులో వీడియో గేమ్ షాపు ఉండేది. వైజాగ్ ఉక్కకి చేతిలో చెమటపట్టిన బిళ్ళని లాగుకి తుడిచి మిషన్‌లో వేసేవాణ్ణి.

ఆ 1980 నాటి ఆట ఎక్కడైనా దొరికితే, జాయ్‌స్టిక్‌ని పిడికిలితో పట్టకండి, రెండు వేళ్ళు చాలు. మలుపు రాకముందే అటు తిప్పి ఉంచండి. మనవాడు, అంటే దారుల్లో చుక్కలు తింటూ పోయే పాక్‌మ్యాన్, మూల కోసుకుని పోతాడు, వాణ్ణి తరిమే నాలుగు దయ్యాలకి ఆ వీల్లేదు. ఎర్రది నేరుగా వెంటపడుతుంది. గులాబీది మనకి నాలుగు గళ్ళ ముందు కాపు కాస్తుంది. దానికి ఎదురెళితే చాలాసార్లు పక్కకి తిరిగిపోతుంది, భయపడకండి. తరుముతుంటే పక్క సొరంగంలో దూరండి, అందులో దయ్యాలు నెమ్మదిస్తాయి. పెద్ద చుక్క తింటే కాసేపు దయ్యాల్నే మనం తినొచ్చు, దాన్ని మాత్రం నాలుగూ దగ్గరికొచ్చేదాకా ముట్టొద్దు: వరసగా తింటే పాయింట్లు 200, 400, 800, 1600.

మొదటిసారి ఆ 1600 తెర మీద కనబడ్డప్పుడు మా అన్నయ్య నా భుజం గట్టిగా నొక్కి, జేబులోంచి ఇంకో బిళ్ళ తీశాడు.