పెద్దాసుపత్రి పాత ఫొటోలు: ఎలా దించాలి, ఎవరి పేరు రాయాలి

మెడికల్ కాలేజీ సెమినార్ హాల్లో వరసగా వేలాడే పాత డాక్టర్ల ఫొటోలూ, బీరువా అడుగున పడున్న రోగుల ఫొటోలూ కాపీ తీసే పని మీ నెత్తిన పడిందా? అయితే ముందు చూసుకోవాల్సింది కెమెరా కాదు, కాలెండరు. మన గోదావరి జిల్లాల్లో వానాకాలంలో, తుపాను వారంలో ఫ్రేములు విప్పకండి. సంక్రాంతి వెళ్ళాక, నాలుగు రోజులు ఎండ కాసి గోడ ఆరాక దించండి.

వెనక అట్ట తీస్తే చెదలో బూజో కనబడుతుంది. మాస్కు పెట్టుకుని, వరండాలో, మెత్తటి బ్రష్‌తో దులపండి. తడిగుడ్డ వద్దు. ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే మాత్రం చెయ్యి పెట్టొద్దు, ఎందుకంటే పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో పైపొర జెలటిన్, చెమ్మకి మెత్తబడి జిగురై అద్దాన్ని పట్టేస్తుంది. మొదటిసారి ఒక ఆసుపత్రిలో నేను తెలివితేటలు చూపించి బ్లేడు దూర్చాను. రెండో వరసలో నిలబడ్డ నర్సమ్మ ముఖం టోపీతో సహా అద్దంతో పాటు ఊడొచ్చింది, కుర్చీల్లో డాక్టర్లంతా క్షేమం. ఆవిడెవరో ఇప్పటికీ తెలీదు. అలాంటివాటిని అద్దం మీదుగానే తియ్యండి: ఫ్లాష్ ఆపేసి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా ఉంచి, మీ వెనకాల ఎవరిచేతైనా నల్ల దుప్పటి పట్టిస్తే అద్దంలో మీ బొమ్మ పడదు. విడిగా ఉన్నవాటికి స్కానరు, 600 డీపీఐ (అంగుళానికి ఆరువందల చుక్కలు), నాణ్యత తగ్గకుండా దాచే టిఫ్ ఫైలు, అంతే.

ఏ కాలానిదో తేల్చడంలోనే అసలు సరదా. బట్టలు చూడండి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో థామస్ ఈకిన్స్ అనే చిత్రకారుడు ఆపరేషన్ల చిత్రాలు రెండు వేశాడు. 1875 నాటి దాంట్లో డాక్టర్ గ్రాస్ బృందం వీధిలోకి వెళ్ళే నల్లకోట్లతోనే కత్తి పట్టింది, 1889 నాటి దాంట్లో డాక్టర్ ఆగ్న్యూ బృందం తెల్లబట్టల్లో ఉంది. ఆ పద్నాలుగేళ్ళలో సూక్ష్మక్రిముల భయం ఆపరేషన్ గదిలోకి వచ్చేసింది. మనకైతే ఇంకో తేలిక గుర్తు ఉంది. కాకినాడ రంగరాయ కాలేజీ మొదలైంది 1958లో, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923లో. కాబట్టి 1940ల నాటి గ్రూపు ఫొటోని ఎవరైనా రంగరాయ బ్యాచ్ అంటే నమ్మకండి.

పేర్లకి రిటైరైన సిస్టర్లనీ కాంపౌండర్లనీ అడగండి, డాక్టర్ల కంటే వాళ్ళకే బాగా గుర్తు. ‘ఈయన ఫలానా గారేనా?’ అని అడక్కూడదు, మొహమాటానికి అవునంటారు. ఫొటో చేతికిచ్చి ఊరుకోండి. ఇద్దరు విడివిడిగా ఒకే పేరు చెబితే రాయండి, వెనకవైపు, అంచున, మెత్తటి పెన్సిలుతో.

రోగుల ఫొటోలకి ఈ పద్ధతి తిరగెయ్యాలి. ఆ గ్రాస్ చిత్రంలో కూడా డాక్టరు పేరు చిత్రానికే పెట్టారు, బల్లమీద పడుకున్న మనిషి ముఖం మత్తుగుడ్డ కింద ఉండిపోయింది. మన దగ్గర ఎక్కువ కనబడేవి బోదకాలు ఫొటోలు. ఆ జబ్బుకి 1947లో వచ్చిన హెట్రజాన్ మందు వెనకున్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. ఆయన పటానికి దండ పడుతుంది, ఆ కాలు చూపించి నిలబడిన మనిషి బీరువాలోనే ఉండిపోతుంది. పేరు తెలిస్తే తాళం వేసిన రిజిస్టర్లో రాయండి, బయటికి ఇవ్వకండి. కళ్ళమీద నల్ల పట్టీ సరిపోదు, చేతి మీద పచ్చబొట్టు చూసి ఊళ్ళోవాళ్ళు ఇట్టే పోల్చేస్తారు. వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టొద్దు. అలాగని వివరణలో ‘బోదకాలు కేసు’ అని తేల్చెయ్యకండి. ‘ముప్పై ఏళ్ళ దరిదాపు ఆడమనిషి, నేతచీర, వార్డు మెట్ల మీద కూర్చుని ఉంది, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుంది’ అని కనబడినంతా రాయండి.

మళ్ళీ తగిలించేటప్పుడు ఫ్రేము వెనక కింది మూలల్లో ఇంజెక్షన్ సీసాల రబ్బరు బిరడాలు అంటించండి. గోడకి వేలెడు ఎడం ఉండి గాలి ఆడుతుంది, బాత్రూం పక్క గోడ మాత్రం వద్దు.