డాలస్‌లో ఇంటి వెనక ఆటల కోర్టు వేయించుకునే ముందు: కొత్తగా వచ్చినవారికి

ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా వైపు కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్ల ఇళ్లలో మొదటి వేసవికే మొదలయ్యే మాట ఒకటుంది: "వెనకాల ఇంత ఖాళీ ఉంది కదా, పిల్లలకి ఒక కోర్టు వేయిద్దాం." మంచి ఆలోచన. మేమూ వేయించాం, నాలుగేళ్లుగా దాదాపు రోజూ ఆడుతున్నాం. అయితే కోర్టు పదేళ్లు నిలుస్తుందా, రెండేళ్లకే పాడవుతుందా అన్నది కింది మట్టిని బట్టే ఉంటుంది. కాంక్రీటు మీద పరిచే ప్లాస్టిక్ టైల్స్ ఏ రంగు అన్నది తర్వాతి సంగతి.

ఇక్కడ చాలా చోట్ల ఉండేది నల్లమట్టి. ఈ ప్రాంతాన్ని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. మేం ఇల్లు కొన్న ఏడాది ఆగస్టులో మా నాన్నగారు ఇక్కడే ఉన్నారు. ఫెన్స్ పక్కన పడిన బీటలో పుల్ల దించితే జానెడు పైనే దిగిపోయింది. "ఇది రేగడిరా. దీని మీద నాలుగంగుళాల కాంక్రీటు పోస్తే ఆగుతుందా?" అని అడిగారు. కొటేషన్ ఇవ్వడానికి వచ్చిన ముగ్గురినీ నేను అదే ప్రశ్న అడిగాను. ఇద్దరు "ఏం కాదు" అని టైల్స్ క్యాటలాగ్ తీశారు. మూడో అతను క్యాటలాగ్ కారులోనే వదిలేసి, అరగంట సేపు యార్డంతా తిరిగి, నీళ్లు ఎటు పోతున్నాయో చూశాడు. పని అతనికే ఇచ్చాం.

మీరూ అదే అడగండి. మామూలు ఇనప చువ్వలతో పోసే స్లాబ్ ఒకటి, పోస్ట్-టెన్షన్ స్లాబ్ ఒకటి. రెండోదాంట్లో స్లాబ్ లోపల స్టీల్ కేబుల్స్ వేసి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని లాగి బిగిస్తారు. ఈ మట్టికి అదే మేలని నా అభిప్రాయం, ఖర్చు ఎక్కువైనా సరే. మట్టిని సరైన తేమతో దిమ్మిస కొట్టించడం కూడా అంతే ముఖ్యం. ఆగస్టులో ఎండిపోయిన నేల మీద అలాగే పోసేస్తే, వానలు పడ్డాక కింద మట్టి ఉబ్బి స్లాబ్‌ని పైకి లేపుతుంది. వాలు పది అడుగులకి సుమారు ఒక అంగుళం ఉంటే నీళ్లు నిలవవు. ఆ నీళ్లు పక్కింటి మీదకి మాత్రం పోకూడదు. మీరు మళ్లించిన వాననీటి వల్ల వాళ్లకి నష్టం జరిగితే టెక్సస్ చట్టం ప్రకారం బాధ్యత మీదే.

పోస్ట్-టెన్షన్ స్లాబ్‌కి తర్వాత డ్రిల్లింగ్ చేయడం ప్రమాదం, కేబుల్ తెగొచ్చు. అందుకని బాస్కెట్‌బాల్ స్తంభం, నెట్ పోల్స్, లైట్ల వైరింగ్ పైపు, అన్నీ పోయకముందే తేల్చుకోవాలి. ఇక్కడ ఒక మాట. మనవాళ్లు ముందు బ్యాడ్మింటన్ అనుకుంటారు. ఈ ఊరి గాలికి ఆరుబయట షటిల్ చాలా సాయంత్రాలు నిలవదు. పికిల్‌బాల్‌కీ (చిన్న బ్యాట్‌తో, తూట్లున్న ప్లాస్టిక్ బంతితో ఆడే ఆట) గీతలు బ్యాడ్మింటన్ కొలతే, 20 అడుగులకి 44. చుట్టూ జాగా కలిపి 30కి 60 వేస్తే వాలీబాల్ గీతలు కూడా పడతాయి, త్రోబాల్ కూడా ఆడుకోవచ్చు. నెట్ ఎత్తు మార్చుకునేలా పోల్స్ పెట్టించండి. ఆదివారం మా ఇంట్లో వాలీబాల్ ఆడేవాళ్లలో సగం మంది ఊళ్లో బడి వెనక ఆడినవాళ్లే.

ఇక కాగితాలు. ఇల్లు రిజిస్టర్ అయినప్పుడు ఇచ్చిన కాగితాల్లో సర్వే (మీ స్థలం హద్దుల పటం) ఉంటుంది, అది తీయండి. అందులో ఈజ్‌మెంట్ అని చూపించిన పట్టీ మీ స్థలమే అయినా, కరెంటు, డ్రైనేజీ లాంటి అవసరాలకి దాన్ని వాడుకునే హక్కు ఆ సంస్థలవాళ్లకి ఉంది. దాని మీద కాంక్రీటు వేయొద్దు. తర్వాత హెచ్‌ఓఏకి (కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం) డ్రాయింగ్‌తో అప్లికేషన్, సిటీకి ఫోన్ చేసి పర్మిట్ సంగతి. కాంట్రాక్టర్ "అక్కర్లేదు" అన్నా మీరే కనుక్కోండి. హెచ్‌ఓఏ కాదంటే టెన్షన్ పడకండి, కారణం రాతపూర్వకంగా అడిగి మార్పులతో మళ్లీ పెట్టుకోవచ్చు.

తవ్వే ముందు కనీసం రెండు పనిదినాల వ్యవధి ఉండేలా 811కి (నేల లోపలి లైన్లకి గుర్తులు పెట్టించే నంబరు) ఫోన్ చేయాలి. ఉచితం. ఆయా కంపెనీలవాళ్లొచ్చి కరెంటుకి ఎరుపు, గ్యాస్‌కి పసుపు, ఇంటర్నెట్‌కి నారింజ గుర్తులు పెడతారు. కానీ మీ సొంత స్ప్రింక్లర్ పైపులకి గుర్తు పెట్టరు. నాకు ఆ సంగతి తెలియలేదు. తవ్వకం మొదటి రోజే పైపు తెగింది, ఆ నీళ్లకి మట్టి ముద్దయిపోయి పని వారం ఆగింది. ముందురోజు స్ప్రింక్లర్ ఆన్ చేసి, ఒక్కో హెడ్ దగ్గర మీరే ఒక జెండా పాతండి.

డబ్బు విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. టెక్సస్‌లో జనరల్ కాంట్రాక్టర్‌కి రాష్ట్ర లైసెన్స్ అంటూ లేదు. కాబట్టి ఇన్సూరెన్స్ కాగితం చూడండి, మూణ్ణాలుగేళ్ల క్రితం అతను వేసిన కోర్టుకి స్వయంగా వెళ్లి చూడండి. అడ్వాన్స్ తక్కువిచ్చి పని సాగేకొద్దీ చెల్లించండి. కాంట్రాక్టర్ తన కింద పనిచేసినవాళ్లకి డబ్బివ్వకపోతే వాళ్లు మీ ఇంటి మీద లియన్ (బాకీ కోసం ఇంటి మీద హక్కు) వేసే అవకాశం ఉంది. చివరి చెక్కు ఇచ్చేముందు లియన్ వదులుకున్నట్టు సంతకం చేసిన కాగితం తీసుకోండి.

పికిల్‌బాల్ చప్పుడు పక్కింటికి బాగా వినిపిస్తుంది. పని మొదలుకాక ముందే వెళ్లి చెప్పి, లైట్లు రాత్రి ఎన్నింటికి ఆర్పేస్తారో కూడా చెప్పండి. మేం తొమ్మిదిన్నరకి ఆర్పేస్తాం.

టైల్స్ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి, ఎండకి సాగుతాయి. అంచుల్లో గోడకో ఫెన్స్‌కో ఆనించి బిగించనివ్వకండి, కాస్త ఖాళీ ఉండాలి. జులైలో అవి సాయంత్రం దాకా కాలుతూనే ఉంటాయి, పిల్లల్ని వట్టి కాళ్లతో వదలకండి. వేసవిలో స్లాబ్ నాలుగు వైపులా మట్టికి ఒకేలా తడి అందేట్టు చూడండి. మేం ఒకవైపే తడిపిన ఏడాది ఆ ఎండిన మూల దగ్గర స్లాబ్ కింద వేలు పట్టేంత సందు వచ్చింది. అప్పటినుంచి జూన్‌లోనే చుట్టూ డ్రిప్ పైపు పరుస్తున్నాం.