పాత లారీకి సెల్ఫ్ ఒకసారి తీసుకుంటుంది, ఇంకోసారి తీసుకోదు: ఎక్కడ వెతకాలి

ఈ ప్రాబ్లంలో పెద్ద చిక్కేంటంటే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బండి బుద్ధిగా స్టార్ట్ అయిపోద్ది, దాంతో ఆయన అంచనా మీద సెల్ఫ్ మోటారు మార్చేస్తాడు, వారం తర్వాత మళ్ళీ అదే కథ. అందుకే మొండికేసిన ఆ నిమిషంలోనే పట్టుకోవాలి.

దానికి నేను వాడే పద్ధతి చాలా సింపుల్. సోలినాయిడ్‌కి (సెల్ఫ్ మోటారుకి పెద్ద కరెంట్ కలిపే స్విచ్ లాంటిది) వచ్చే సన్న వైర్ ఉంటది కదా, తాళం తిప్పితే కరెంట్ వచ్చేది, దాని నుంచి ఇంకో వైర్ లాగి మధ్యలో చిన్న ఫ్యూజ్ పెట్టి క్యాబిన్‌లో ఒక 5 వాట్ల బల్బుకి కలపండి, బల్బు రెండో కొస బాడీ ఎర్త్‌కి, అంటే బండి ఇనుప బాడీకి. బండి 24 ఓల్ట్‌ది అయితే బల్బు కూడా 24దే. వైర్ సైలెన్సర్ పైపుకి, ఫ్యాన్‌కి తగలకుండా కట్టండి. ఇక మామూలుగా తిరగండి.

సెల్ఫ్ తీసుకోని రోజు హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పి చూడండి. బల్బు వెలగలేదంటే మోటారు తప్పేం లేదు, ఇగ్నిషన్ స్విచ్, రిలే, న్యూట్రల్ స్విచ్ లేదా క్లచ్ స్విచ్ (గేర్ న్యూట్రల్‌లో ఉంటేనో, క్లచ్ తొక్కితేనో సెల్ఫ్‌కి కరెంట్ వదిలేవి), వాటి సాకెట్లు చూడాలి. గేర్ రాడ్ కొంచెం కదిపితే స్టార్ట్ అవుతుందా, అయితే న్యూట్రల్ స్విచ్ మీదే నా అనుమానం.

బల్బు వెలిగి, టక్ మని ఒక్క సౌండొచ్చి, హెడ్‌లైట్లు మాత్రం తగ్గకుండా అలాగే ఉంటే సోలినాయిడ్ లోపల రాగి కాంటాక్టులు కాలిపోయుంటాయి, లేదా మోటారులో తిరిగే భాగానికి కరెంట్ అందించే కార్బన్ బ్రష్‌లు అరిగుంటాయి. మోటారుని చిన్నగా తడితే తిరిగిందంటే ఎక్కువసార్లు బ్రష్‌లే, కానీ సుత్తితో బాదకండి, కొన్ని మోటార్లలో లోపల అయస్కాంతాలు ఉంటాయి, పగులుతాయి.

టకటకమని వరసగా కొట్టుకుంటూ లైట్లు డల్ అయితే బ్యాటరీ, టెర్మినళ్ళు, ఎర్త్. పాత బండ్లలో ఎర్త్ దగ్గరే ఎక్కువ మోసం, ఇంజిన్‌కి ఛాసిస్‌కి మధ్య పట్టీ పైకి బానే ఉంటది, బోల్టు కింద అంతా తుప్పే. ఓల్ట్‌మీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్ పోస్టు మీద (క్లాంప్ మీద కాదు), ఇంకో కొస సెల్ఫ్ బాడీ మీద పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. 12 ఓల్ట్ బండిలో 0.2, 0.3 ఓల్ట్ దాటిందంటే ఎర్త్ శుభ్రం చేయాల్సిందే. ప్లస్ వైపు బ్యాటరీ పోస్టు నుంచి సెల్ఫ్ పెద్ద బోల్టు దాకా అర ఓల్ట్ దాటకూడదు. ఇంజిన్ వేడెక్కాకే మొండికేస్తుంటే ఈ కొలతలు వేడి మీదే తీయండి, చల్లారాక తీస్తే అన్నీ బానే చూపిస్తది.

బ్యాటరీ చెక్ మామూలే, 12 ఓల్ట్ బ్యాటరీ అయితే రెస్ట్‌లో 12.6 ఓల్ట్ దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందకి పడిపోతే ముందు చార్జ్ చేసి మళ్ళీ చూడండి.

కిందకి దూరే ముందు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్, చక్రాలకి అడ్డు. మోటారు విప్పేటప్పుడు ముందు మైనస్ తీయండి. స్క్రూడ్రైవర్‌తో సోలినాయిడ్ షార్ట్ చేసే అలవాటు చాలామందికి ఉంది, బండి గేర్‌లో ఉంటే మీ మీదకే వచ్చేస్తది.

ఒకవేళ మోటారు గిర్రున తిరిగి ఇంజిన్ మాత్రం కదలకపోతే ఇవేవీ కాదు, అది బెండిక్స్ (మోటారు పళ్ళచక్రాన్ని ఇంజిన్‌కి తగిలించే భాగం) జారడమో, అది పట్టుకునే ఇంజిన్ ఫ్లైవీల్ రింగ్ పళ్ళు ఊడటమో. గేర్‌లో వేసి బండిని ఒక అడుగు తోసి, మళ్ళీ న్యూట్రల్‌లో పెట్టి కొడితే పట్టుకుందంటే రింగ్ పళ్ళే, దానికి గేర్‌బాక్స్ దించాల్సిందే.