మంద బాగుపడాలంటే విత్తన పొట్టేలును ఎలా ఎంచుకోవాలి?

పండగ ముందు బేరగాడు దొడ్డిలోకి వస్తే ఏ పిల్ల మీద చెయ్యి వేస్తాడు? అన్నిటికంటే ముందు ఎదిగినదాని మీదే. డబ్బు అవసరం, ఇచ్చేస్తాం. అమ్ముడుపోని పిల్లలే పెద్దవై గొర్రెలను దాటుతాయి, అంటే వాటితో జతకడతాయి. పదేళ్లు ఇలాగే సాగితే, ఎదగని గొర్రెలను మనమే ఏరి పెంచినట్టు అవుతుంది. జాతిని మెరుగుపరచడమంటే ఈ వరసను తిరగేయడమే.

మొదట, ఏం కావాలో తేల్చుకోండి. మాంసానికి పెంచితే ఆరో నెల బరువు చాలు. ఒకేసారి ఐదు గుణాలు కావాలంటే ఏదీ ముందుకు కదలదు. నెల్లూరు జోడిపి జాతి గొర్రెల్లో మూతి, కళ్ల చుట్టూ ఉండే నల్లమచ్చలు చూడముచ్చటగా ఉంటాయి, నిజమే. ఆ మచ్చ కుదిరిందని బరువు లేని పిల్లను మాత్రం ఉంచుకోకండి.

తర్వాత నోటుబుక్ పెట్టండి. అసలు పని ఇదే. ప్రతి పిల్లకూ చెవి పోగు వేసి నంబరు, తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, ఒంటరా కవలా అన్నది రాయండి. పుట్టినప్పుడు, మూడో నెలలో, ఆరో నెలలో తూకం వేయండి. పొద్దున మేతకు వదలకముందే, వేలాడే కాటాకు గోనెసంచి కట్టి పిల్లను అందులో కూర్చోబెడితే సరిపోతుంది. అది తన్నుకోవడం ఆపేదాకా ఆగి ముల్లు చూడండి.

పోల్చేటప్పుడు ఒకే ఈతకాలం పిల్లలనే పోల్చాలి. మూడో నెలలో ఒంటరి పిల్ల 14 కిలోలు, కవల పిల్ల 12 కిలోలు తూగితే కవలను తీసేయకండి. అది తల్లి పాలను పంచుకుని పెరిగింది. ఆరో నెల తూకంలో దాని సత్తా ఇంకాస్త స్పష్టంగా తెలుస్తుంది.

బరువులో ముందున్న నాలుగైదు పొట్టేలు పిల్లలను అమ్మకుండా ఆపండి. ఏడాదిన్నర వయసు వచ్చాక ఒళ్లు పరీక్షించండి. కాళ్లు తిన్నగా ఉండాలి, కింది పళ్లు పై చిగురుకు సరిగ్గా ఆనాలి, రెండు విత్తులూ సమానంగా, గట్టిగా చేతికి తగలాలి. ఒకటే దిగి ఉంటే అది ఎంత బరువున్నా వద్దు.

ఇక దాటించడం. ఎంచిన పొట్టేలు ఒక్కటికి 25-30 గొర్రెలు. మిగతా పొట్టేళ్లను వేరే దొడ్డిలో కట్టండి, లేదా విత్తులు కొట్టించండి. గొర్రె 17 రోజులకోసారి ఎదకొస్తుంది కాబట్టి పొట్టేలును 50 రోజులు మందలో ఉంచితే మూడు అవకాశాలు దొరుకుతాయి. ఐదు నెలలకు ఈతలన్నీ దగ్గర దగ్గరగా వస్తాయి, పోల్చడం తేలిక.

ఎంత లాభం? ఆరో నెలలో మంద సగటు 20 కిలోలు, మీ పొట్టేలు 26 కిలోలు తూగాయనుకుందాం. ఆ 6 కిలోల తేడాలో పావు వంతే రక్తంలోంచి వచ్చిందని, మిగతాది మేత, పాల వల్లనని లెక్కేస్తే కిలోన్నర. అందులో తండ్రి ఇచ్చేది సగం కాబట్టి పిల్లకు ముప్పావు కిలో. కొంచెమే అనిపిస్తుంది, కానీ అది మందలోని ప్రతి పిల్లకూ వస్తుంది, తరం తర్వాత తరం మీద పేరుకుంటుంది. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్‌లో రాబర్ట్ బేక్‌వెల్ (1725-1795) ఇలాగే ఆడామగలను వేరు చేసి, పొట్టేళ్లను అద్దెకిచ్చి, పుట్టిన పిల్లలను బట్టి తండ్రులను ఎంచి 'న్యూ లెస్టర్' జాతిని తెచ్చాడు. మహారాష్ట్రలోని ఫల్టన్‌లో సుందర్‌బన్స్ గారోల్ గొర్రెల నుంచి కవలలనిచ్చే జన్యువును దక్కనీ గొర్రెల్లోకి తెచ్చి, తరాల తరబడి ఏరి 'సువర్ణ'ను తయారుచేశారు.

బేక్‌వెల్ గుణాలు స్థిరపడాలని దగ్గరి రక్తసంబంధాన్నే కలిపేవాడు. చిన్న మందల్లో అది ప్రమాదం. తండ్రి తన కూతుళ్లనే దాటితే పుట్టేవి బలహీనపడతాయి, చచ్చిపోయే పిల్లల సంఖ్య పెరుగుతుంది. కాబట్టి కూతుళ్లు ఎదకు రాకముందే, రెండేళ్లకోసారి, మీ పొట్టేలును పక్క ఊరి మందలోని మంచి పొట్టేలుతో మార్చుకోండి. పొట్టేలుతోపాటు నోటుబుక్‌లో దాని పేజీ జిరాక్స్ కూడా ఇవ్వండి, వాళ్ల దగ్గర కూడా అడిగి తీసుకోండి.