వంక దాటొచ్చిన బండికి హ్యాండ్‌బ్రేక్ పట్టేస్తే ఎలా వదిలించాలి?

కార్తీకంలో వానలు పడి వంకలో మోకాలి లోతు నీళ్లు పారుతుంటే, మా బొలెరోను అందులోనే దాటించి తోట నుంచి తెచ్చాం. ఇంటి ముందు హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి వదిలేశాం. ఐదు రోజుల తర్వాత పొద్దున్నే తీయబోతే వెనక ఎడమ చక్రం తిరగలేదు, మట్టిలో చాలు గీసుకుంటూ ఈడ్చుకొచ్చింది.

లేహ్, మనాలి చలికి హ్యాండ్‌బ్రేక్ లివర్ నుంచి వెనక చక్రాలకు పోయే కేబుల్‌లో చేరిన నీళ్లు గడ్డకట్టి బ్రేక్ పట్టేస్తుంది. అనంతపురంలో అంత చలి లేదు. ఇక్కడ పట్టించేది తుప్పు, ఎర్రమట్టి. చక్రంతోపాటు తిరిగే బ్రేకు డ్రమ్ము పోత ఇనుముది. బ్రేకు వేస్తే లోపలినుంచి దాన్ని అదిమేది షూ, ఆ షూ మీద అతికిన పట్టీ లైనర్. తడి లైనర్ దానికి అదుముకుని నాలుగు రోజులు కదలకుండా ఉంటే, మధ్యలో తుప్పు పుట్టి రెండింటినీ అతికిస్తుంది. అందుకే వేడినీళ్లు పోయకండి, ఇంకాస్త తడి చేరడం తప్ప లాభం లేదు.

మొట్టమొదట ముందు చక్రాలకు రెండు వైపులా పెద్ద రాళ్లు పెట్టండి. పట్టు వదిలిన క్షణాన బండి దొర్లుతుంది. రాళ్లు పెట్టకుండా ఎవర్నీ కిందికి దూరనివ్వద్దు, పిల్లల్ని దగ్గరికే రానివ్వద్దు.

లివర్ కిందికి రాకపోతే ఇంకాస్త పైకి లాగి, బటన్ నొక్కి దించండి. దిగినా చక్రం తిరక్కపోతే టార్చి వేసి వెనక చక్రం లోపలివైపు చూడండి. కేబుల్ వదులుగా వేలాడుతుంటే షూ డ్రమ్ముకు అతుక్కుంది. కేబుల్ ఇంకా బిగుసుకునే ఉంటే దాని తొడుగులో తుప్పు పట్టింది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి చేత్తో వెనక్కి నెడితే రావచ్చు, కానీ ఆ కేబుల్‌ను నమ్ముకోవద్దు, కొత్తది వేయించండి.

షూ అతుక్కుంటే, నేల చదునుగా ఉన్నప్పుడు మాత్రమే రాళ్లను అడుగు దూరం జరిపి, ఫస్ట్ గేరులో కొంచెం ముందుకి, రివర్స్‌లో కొంచెం వెనక్కి మెల్లగా కదపండి. చాలాసార్లు 'టక్' మని వదులుతుంది. రెండు మూడుసార్లకు రాకపోతే ఆపేయండి. నాలుగు చక్రాలకూ ఎక్కువ బలమిచ్చే 'ఫోర్ వీల్ లో' (4L) గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కేవాళ్లను చూశాను. ఆ బలానికి లైనర్ షూ నుంచి ఊడి, ముక్కలు డ్రమ్ములో ఇరుక్కుంటాయి. వందల్లో పోయేది వేలకు పోతుంది.

ఇక చక్రం విప్పాల్సిందే. జరిపిన రాళ్లను మళ్లీ ముందు చక్రాలకు ఆనించి, గట్టి నేల మీద జాకీ ఎత్తి, యాక్సిల్ కింద స్టాండు పెట్టండి. డ్రమ్ము మీద చెక్కముక్క ఆనించి చుట్టూ తిప్పుతూ సుత్తితో తట్టండి. అంచు మీద నేరుగా కొడితే పోత ఇనుము పగులుతుంది. స్ప్రే లైనర్ మీద పడకూడదు, పడితే బ్రేకే పట్టదు. డ్రమ్ము ఊడొచ్చాక లోపలి దుమ్మును నోటితోగానీ గాలిపంపుతోగానీ ఊదకండి, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచి, తుప్పును ఎమరీ పేపరుతో రుద్దండి.

బిగించాక రెండు కిలోమీటర్లు నడిపి, వెనక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు. ఒకటి మాత్రమే సెగ కొడుతుంటే ఇంకా రాసుకుంటోంది. మెకానిక్‌కు చూపించండి.

ఇకమీదట వంక దాటగానే కాస్త దూరం బ్రేకు మీద లైట్‌గా కాలు ఆనించి నడిపితే లైనర్లు ఆరతాయి. తడిబండిని చదునులో గేరు వేసి, రాళ్లు పెట్టి ఆపండి. మిగతా రోజుల్లో హ్యాండ్‌బ్రేక్ వాడుతూనే ఉండండి, వాడని కేబుల్ త్వరగా తుప్పు పడుతుంది.