చచ్చిపోవాలనుందన్న మనిషితో కౌన్సెలర్ ఎలా మెలగాలి

అనంతపురం పల్లెల్లో బోరెండి, శెనక్కాయ పంట పోయి అప్పు మిగిలిన మనిషి 'ఇంక సాలు సార్' అన్నాడంటే ఆ మాట దాటి పోకూడదు. 'చచ్చిపోవాలనిపిస్తోందా అన్నా?' అని సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. ఎన్నాళ్ల నుంచి ఉంది, ఎప్పుడు ఎక్కువవుతుంది, ఎలాగో అనుకున్నాడా, అందుకు కావలసింది ఇంట్లో ఉందా, ముందెప్పుడైనా ప్రయత్నించాడా? పక్కన కూర్చుని, కాగితం ఇద్దరికీ కనబడేలా పెట్టుకుని రాయండి. ఎదురు కుర్చీలోంచి వరసగా అడిగితే అది పోలీసు విచారణే. కల్యాణదుర్గం బస్సు టైమవుతోందని అతను గడియారం చూస్తుంటే ఈ సంగతి మొదలుపెట్టకండి, ముందే ఎత్తండి.

'ఇక్కడి మాట బయటికి పోదు, మీ ప్రాణానికి ముప్పనిపిస్తే మాత్రం ఇంట్లో చెబుతాను, ముందు మీకే చెబుతాను' అని మొదటిరోజే అనండి. తర్వాత చెబితే ద్రోహంలా తోస్తుంది. కేసవుతుందని భయపడేవాళ్లకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గురించి చెప్పండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే 115వ సెక్షన్ భావిస్తుంది, ఆదుకోవాలంటుంది.

'చావను' అని ఒట్టు రాయించుకోకండి. అది కాపాడుతుందన్న ఆధారం లేదు, పైగా ఒట్టు తప్పబోతున్నానన్న సిగ్గుతో అసలు మాటే దాస్తాడు. దాని బదులు అతని మాటల్లోనే రక్షణ ప్రణాళిక రాయండి: ముంచుకొచ్చే ముందు కనిపించే గుర్తులు, ఒక్కడే చేయగలిగిన పనులు, మనసు మళ్లించే మనుషులు, చోట్లు, సాయం అడగదగినవాళ్లు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, అత్యవసరానికి 108. చివరిది ఇంటిని భద్రం చేయడం. పురుగుల మందు ఇంట్లో ఉండకూడదు. వేరేచోట పెట్టి తాళం ఇంకొకరి దగ్గర ఉంచే పని భార్యకో తమ్ముడికో, అతని ఎదుటే ఒప్పజెప్పండి.

ఎక్కువగా చెడేది మాత్రం మన వైపే. ఇలాంటి రోగులపై చికిత్సకుడికి కోపం, విముఖత పుడతాయని అమెరికా మానసిక వైద్యులు మాల్ట్స్‌బర్గర్, బ్యూయీ 1974లోనే రాశారు. అతని నంబరు చూడగానే నీరసం, రాకపోతే హాయి, తొందరగా ఇంకెవరికైనా అప్పగించాలనిపించడం దాని ఆనవాళ్లు. అలా అనిపించినందుకు కలిగే అపరాధభావంతో 'ఏ రాత్రైనా ఫోన్ చెయ్' అంటాం, పదిరోజులకు అలసి ఎత్తం. అతనికది 'నువ్వూ వదిలేశావు' అన్నట్టే. ఏ వేళల్లో దొరుకుతారో, మిగతా వేళల్లో ఎవరికి చేయాలో ముందే చెప్పండి. మీ విసుగును ఆ వారంలోనే సీనియర్‌తో మాట్లాడండి.

అనంతపురం, కర్నూలు పెద్దాసుపత్రులకు పంపాల్సొస్తే చీటీ ఇచ్చి ఊరుకోకండి. అక్కడి డాక్టరుకు ఫోన్ చేసి, ఇంటివాళ్లను తోడు పంపి, మళ్లీ మీ దగ్గరికి వచ్చే తేదీ చేతికివ్వండి. ఆ రోజు రాకపోతే సాయంత్రంలోగా ఫోన్ చేయండి.